33 పేజీల ఉత్తరం, ఒక్క అంకె

“ఎంత పర్సెంట్?”

ఆటిజం ఉన్న పిల్లవాడి కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగే అమ్మానాన్నలకు అన్నిటికంటే ఎక్కువసార్లు ఎదురయ్యే ప్రశ్న ఇది. పింఛను దగ్గర ఇదే, బస్ పాస్ దగ్గర ఇదే, చివరికి బడిలో అడ్మిషన్ రిజిస్టర్ ముందు కూడా ఇదే. వీడికి ఏం వచ్చు, ఏం రాదు, ఏ బెంచీ మీద కూర్చోబెడితే కుదురుగా ఉంటాడు, గంట మోగితే చెవులెందుకు మూసుకుంటాడు అని అడిగేవాళ్లు తక్కువ. మొదటి ప్రశ్నకు జవాబు ఒక అంకె. రెండో రకం ప్రశ్నలకు జవాబు చెప్పాలంటే పిల్లవాడితో కొన్నాళ్లు గడపాలి.

ఈ రెండు ప్రశ్నలకూ చరిత్ర ఉంది. విచిత్రమేమిటంటే, ముందు పుట్టింది రెండోది. పిల్లల్ని పరీక్షించడమనే పని మొదలైందే బడి కోసం. అది బడి వదిలి ఆసుపత్రికీ, ఆసుపత్రి నుంచి గెజిట్‌కీ, గెజిట్ నుంచి సర్టిఫికెట్‌కీ ఎలా వెళ్లిందో చూస్తే, జహీరాబాద్ లాంటి ఊళ్లో ఈరోజు ఒక తల్లి ఎందుకు అన్నిసార్లు బస్సెక్కాల్సి వస్తోందో కొంత అర్థమవుతుంది.

జహీరాబాద్ అనే ఎందుకు? ఈ విషయం మీద రాసినవన్నీ హైదరాబాద్ థెరపీ సెంటర్ల చుట్టూ తిరుగుతాయి కాబట్టి. 65వ నంబరు జాతీయ రహదారి మీద, హైదరాబాద్‌కి నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, కర్ణాటక సరిహద్దుకి ఆనుకుని, చెరకు బండ్లూ ట్రాక్టర్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు ఇది. తెలుగు, ఉర్దూ, కన్నడ ఒకే వీధిలో వినిపిస్తాయి. అక్కడ నాలుగేళ్ల పిల్లవాడు ఉన్నాడనుకుందాం. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడు. ఆటో చక్రం తిరుగుతుంటే మాత్రం కన్నార్పకుండా చూస్తాడు. నాయనమ్మ “మగపిలగాండ్లకు మాటలు లేటే బిడ్డా, వాళ్ల నాయనకు గూడ ఐదేండ్లకు వచ్చినయ్” అంటుంది. అంగన్‌వాడీ టీచర్‌కి అనుమానం ఉంటుంది కానీ పైకి అనడానికి మొహమాటం. ఆ తర్వాత ఏమవుతుంది?

పారిస్‌లో పుట్టిన ప్రశ్న

ఫ్రాన్సులో 1882లో ప్రాథమిక విద్య నిర్బంధమైంది. పిల్లలందరూ బడికి రావాలి అనగానే, అంతవరకూ బడి మొహం చూడని పిల్లలు కూడా వచ్చారు. కొందరు మామూలు పాఠాలు అందుకోలేకపోయారు. వాళ్లని ఎలా గుర్తించాలి, ఎలా చదివించాలి అని ఆలోచించడానికి 1904లో అక్కడి విద్యాశాఖ ఒక సంఘాన్ని వేసింది. అందులో ఆల్ఫ్రెడ్ బినే ఉన్నాడు. థియొడోర్ సిమోన్ అనే వైద్యుడితో కలిసి 1905లో ఆయన 30 చిన్న చిన్న పనుల జాబితా తయారుచేశాడు. వెలుగుతున్న అగ్గిపుల్లను కళ్లతో అనుసరించడం దగ్గర మొదలై, క్రమంగా కష్టమవుతూ పోయే పనులు. ఇవాళ మనం తెలివి పరీక్ష అంటున్నదానికి మూలం ఇదే.

బినే ఉద్దేశం స్పష్టం. ఎవరికి అదనపు సాయం కావాలో తెలుసుకోవడం, తర్వాత ఆ సాయం అందించడం. తెలివి పుట్టుకతో వచ్చే మారని పరిమాణమనే వాదాన్ని 1909లో రాసిన పుస్తకంలో ఆయన గట్టిగా వ్యతిరేకించాడు. శ్రద్ధ, జ్ఞాపకం, పట్టుదల పెరిగేలా పిల్లలకు అభ్యాసాలు కూడా రూపొందించాడు. 1911లో చనిపోయాడు.

ఆయన పోయాక పరీక్ష మిగిలింది, ఉద్దేశం జారిపోయింది. 1912లో జర్మనీలో విలియం స్టెర్న్ మానసిక వయసును అసలు వయసుతో భాగించి ఒకే అంకె తీయవచ్చన్నాడు. ఐక్యూ అక్కణ్ణుంచి వచ్చింది. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం వైన్‌ల్యాండ్‌లోని ఒక శిక్షణాలయంలో పనిచేసిన హెన్రీ గొడార్డ్ ఈ పరీక్షను దిగుమతి చేసుకుని, 1910లో ‘మోరాన్’ అనే మాటను తయారుచేశాడు. ఇవాళ తిట్టుగా వాడే ఆ మాట అప్పట్లో శాస్త్రీయ వర్గీకరణ. 1916లో లూయీ టెర్మన్ స్టాన్‌ఫర్డ్‌లో పరీక్షను తిరగరాశాడు.

అది మన దగ్గరికి వచ్చిన దారి ఆసక్తికరంగా ఉంటుంది. జహీరాబాద్‌కి నైరుతిగా, ధార్వాడలో, వి.వి. కామత్ అనే విద్యావేత్త 1930లలో ఆ స్టాన్‌ఫర్డ్ పరీక్షను కన్నడ, మరాఠీ పిల్లలకు సరిపడేలా మలిచాడు. బినే-కామత్ పరీక్షగా అది దశాబ్దాల పాటు దేశమంతా నడిచింది. నాగపూర్‌లో ఆర్థర్ మాలిన్ మరో రెండిటిని భారతీయం చేశాడు. వాటిలో ఒకటి సామాజిక పరిపక్వత కొలమానం. దాన్ని 1930లలో ఎడ్గర్ డాల్ తయారుచేసింది గొడార్డ్ పనిచేసిన ఆ వైన్‌ల్యాండ్‌లోనే. హైదరాబాద్‌లో పిల్లల అసెస్‌మెంట్ రిపోర్టు తిరగేస్తే మొదటి పేజీలోనో రెండో పేజీలోనో ఆ ఊరిపేరు ఇప్పటికీ కనబడుతుంది. తల్లిదండ్రులు అదేదో మందు పేరనుకుంటారు.

ఇక్కడ భాష సంగతి కూడా చెప్పుకోవాలి. ఇంట్లో ఉర్దూ, వాకిట్లో తెలుగు, అమ్మమ్మ ఇంట్లో కన్నడ వినే పిల్లవాణ్ణి ఏ భాషలో అడగాలి? మాట ఆలస్యమైన పిల్లవాడికి ఇది చిన్న ప్రశ్న కాదు. వాడు జవాబివ్వకపోతే, ప్రశ్న అర్థం కాకనా, భాష తెలియకనా, అడిగిన మనిషి కొత్త కాబట్టా? కామత్ తొంభై ఏళ్ల కింద పట్టించుకున్న విషయమే ఇది. పిల్లవాడి భాషలో అడగకపోతే కొలిచేది పిల్లవాణ్ణి కాదు, ఆ భాషతో వాడికున్న దూరాన్ని.

ఒక తండ్రి రాసిన ఉత్తరం

ఆటిజం అనే మాటను 1911లో స్విట్జర్లాండ్ మనోవైద్యుడు యూజెన్ బ్లాయ్‌లర్ వేరే అర్థంలో వాడాడు. స్కిజోఫ్రెనియాలో మనిషి తన లోపలికి తాను ముడుచుకుపోవడాన్ని ఆయన అలా పిలిచాడు. పిల్లల విషయంలో ఇప్పుడు మనం అంటున్న ఆటిజం లక్షణాలను 1925లోనే మాస్కోలో గ్రూన్యా సుఖరేవా ఆరుగురు అబ్బాయిల్లో చూసి రాసింది. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1943లో అమెరికాలో బాల్టిమోర్ నగరంలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో లియో కానర్ 11 మంది పిల్లల గురించి రాసిన వ్యాసంతో ఆ పేరు స్థిరపడింది. మరుసటి ఏడు వియన్నాలో హాన్స్ ఆస్పెర్గర్ రాశాడు.

కానర్ మొదటి పిల్లవాడి పేరు డొనాల్డ్ ట్రిప్లెట్. మిసిసిపీ రాష్ట్రంలో ఫారెస్ట్ అనే చిన్న ఊరు వాళ్లది. వాళ్ల నాన్న న్యాయవాది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లేముందు కొడుకు గురించి 33 పేజీలు టైపు చేయించి పంపాడు. ఏం తింటాడు, ఏ పాటలు గుర్తుపెట్టుకుంటాడు, ఏం తిప్పుతాడు, ఎవరొస్తే పట్టించుకోడు. ఒక రకంగా ఆటిజం చరిత్రలో మొదటి అసెస్‌మెంట్ రిపోర్టు అదే. అందులో శాతం లేదు, స్కోరు లేదు. పిల్లవాడు ఉన్నాడు.

తర్వాత జరిగింది ఇంకా ముఖ్యం. డొనాల్డ్‌ని కొన్నేళ్లు ఊరికి పది మైళ్ల దూరంలో ఒక రైతు దంపతుల దగ్గర ఉంచారు. వాడికి అంకెల పిచ్చి. మొక్కజొన్న సాళ్లు లెక్కపెడుతూనే ఉండేవాడు. వద్దని కసరకుండా, దున్నుతూ లెక్కపెట్టమన్నారు వాళ్లు. కొలతల మీద మోజు చూసి బావి తవ్వించి లోతు చెప్పమన్నారు. దగ్గర్లోని పల్లెటూరి బడి వాడి వింత అలవాట్లతో సహా వాణ్ణి చేర్చుకుంది. 1971లో కానర్ ఆ 11 మంది ఏమయ్యారో వెతికి రాసినప్పుడు, ప్రభుత్వ ఆశ్రయాల్లో చేర్చిన పిల్లలు ఉన్న శక్తులు కూడా పోగొట్టుకున్నారనీ, డొనాల్డ్ మాత్రం కాలేజీ చదువు పూర్తిచేసి బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నాడనీ తేలింది. ఆయన 2023లో చనిపోయాడు. ఊళ్లో అందరికీ తెలిసిన పెద్దమనిషిగానే బతికాడు.

ఆ బ్యాంకు వాళ్ల కుటుంబానిదే. డబ్బూ పలుకుబడీ ఉన్న తెల్లవాళ్లు. ఆ కాలపు మిసిసిపీలో నల్లవాళ్ల పిల్లవాడికి ఆ బడి తలుపులు తెరుచుకునేవి కావు. కాబట్టి ఈ కథను అద్భుతంగా చెప్పుకోనక్కర్లేదు. కానీ ఒక సంగతి మాత్రం గుర్తుపెట్టుకోదగ్గది. అక్కడ పనిచేసింది పెద్ద నగరమూ కాదు, ఖరీదైన యంత్రమూ కాదు. వాడు ఏం చేస్తాడో గమనించి, దానికి తగ్గట్టు పని సర్దిన మనుషులు, కాదనకుండా చేర్చుకున్న ఒక మామూలు బడి. మొక్కజొన్న సాళ్లు జహీరాబాద్ చుట్టుపక్కల కూడా ఉన్నాయి.

మధ్యలో ఒక చీకటి కాలం గడిచింది. తల్లుల ప్రేమ చల్లగా ఉండబట్టే పిల్లలు ఇలా అవుతున్నారనే సిద్ధాంతం ఇరవై ఏళ్ల పైన రాజ్యమేలింది. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ పుస్తకంతో అది ఇంటింటికీ చేరింది. దాన్ని ముందే, 1964లో, ఎదిరించింది బెర్నార్డ్ రిమ్లాండ్. ఆయన మనస్తత్వ శాస్త్రవేత్తే కాక ఆటిజం ఉన్న పిల్లవాడి తండ్రి కూడా. ఆ సిద్ధాంతం ఎప్పుడో కొట్టుకుపోయింది. మన ఇళ్లల్లో మాత్రం రూపం మార్చుకుని ఉంది. “ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టింది, గందుకే మాటలు రాలే” అనే మాట వినని తల్లి ఉంటుందా?

1979లో లండన్‌లో లోర్నా వింగ్, జుడిత్ గౌల్డ్ ఆటిజాన్ని ఒక మూసగా కాక విస్తారమైన శ్రేణిగా చూడాలని చూపించారు. లోర్నా వింగ్ కూడా ఆటిజం ఉన్న అమ్మాయి తల్లే. ఈ చరిత్రలో ఇది మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. తెలుసుకోవాల్సిన విషయం తల్లిదండ్రుల దగ్గర ముందే ఉంటుంది. వ్యవస్థ దాన్ని ఎప్పుడు, ఎలా వింటుందన్నదే తేడా.

బోయిన్‌పల్లి దాకా

మన చట్టాల్లో ఈ పిల్లలకు చాలాకాలం సొంత పేరు లేదు. 1912 నాటి లూనసీ చట్టం పుట్టుకతో బుద్ధి ఎదగనివాళ్లనీ, మతిస్థిమితం తప్పినవాళ్లనీ ఒకే గాటన కట్టింది. 1987లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం బుద్ధిమాంద్యాన్ని మానసిక వ్యాధి నిర్వచనం నుంచి విడదీసింది. తెలుగులో మాత్రం రెండిటికీ కలిపి జనం వాడే మాటలు ఏమిటో మనకు తెలుసు, రాయనక్కర్లేదు.

ఈలోగా హైదరాబాద్ ఈ రంగంలో దేశానికే ఒక కేంద్రమైంది. 1968లో ఠాకూర్ హరిప్రసాద్ పేరిట సంస్థ మొదలైంది. 1984లో సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో కేంద్ర ప్రభుత్వం జాతీయ మానసిక వికలాంగుల సంస్థను పెట్టింది. ఆ ప్రాంతానికి మనోవికాస్ నగర్ అన్న పేరు వచ్చింది అందువల్లే. సంస్థ పేరు ఇప్పుడు మారింది, పాత తల్లిదండ్రులు ఇంకా ఎన్ఐఎంహెచ్ అనే అంటారు. ఢిల్లీలో 1991లో మెర్రీ బరువా అనే తల్లి యాక్షన్ ఫర్ ఆటిజం మొదలుపెట్టింది.

1995లో వికలాంగుల చట్టం వచ్చింది. అది గుర్తించినవి ఏడు వైకల్యాలు. అందులో ఆటిజం లేదు. 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం మొదటిసారి ఆ పేరును పార్లమెంటు చట్టంలోకి తెచ్చింది, కానీ అది ప్రధానంగా సంరక్షకత్వం గురించిన చట్టం. అమ్మానాన్నలు పోయాక ఈ పిల్లల్ని ఎవరు చూస్తారు అన్న దిగులుకు జవాబు. బడి, రిజర్వేషన్, రాయితీలు అన్నీ 1995 చట్టం కిందే ఉండిపోయాయి.

దీని ఫలితం ఏమిటంటే, దాదాపు ఇరవై ఏళ్లు ఆటిజం ఉన్న పిల్లవాడికి కాగితం కావాలంటే బుద్ధిమాంద్యం ఉన్నట్టు రాయించుకోవాల్సి వచ్చింది. 2001 నాటి మార్గదర్శకాల్లో ఐక్యూని బట్టి తక్కువ తీవ్రతకు 50 శాతం, మధ్యస్థానికి 75, తీవ్రానికి 90, అతి తీవ్రానికి 100 అని పట్టిక ఉంది. ఆటిజం ఉండి ఐక్యూ 70 దాటిన పిల్లవాడు ఈ పట్టికలో ఎక్కడా పట్టడు. వాడికి కాగితమే లేదు. ఐక్యూ తక్కువ వచ్చినవాడికి కాగితం దొరికింది, కానీ దాని మీద ఉన్న పేరు వాడిది కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రోజుల్లో వచ్చిన సదరం క్యాంపులు కూడా ఆ చట్టం వర్గాల మీదే నడిచాయి. ఆ కాలంలో బడికెళ్లిన పిల్లలు ఇప్పుడు ఇరవైలు దాటిన పెద్దవాళ్లు. వాళ్ల పాత ఫైళ్లలో ఆటిజం అన్న మాట వెతికితే చాలామందికి కనబడదు.

బొటనవేలి లెక్క

2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల సంఖ్యను ఏడు నుంచి 21కి పెంచింది. అందులో ఆటిజం ఉంది. 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. అంతకు ఏడాది ముందే, 2016 ఏప్రిల్‌లో, ఆటిజానికి సర్టిఫికెట్ ఎలా ఇవ్వాలో కేంద్రం మార్గదర్శకాలిచ్చింది. దానికి వాడిన కొలమానం తయారైంది మన బోయిన్‌పల్లిలోనే. పేరు ఐఎస్ఏఏ, అంటే ఆటిజాన్ని అంచనా వేసే భారతీయ కొలమానం.

అందులో 40 అంశాలు, ఆరు విభాగాలు ఉంటాయి. కళ్లలోకి చూస్తాడా, వంతులు పాటించగలడా, విన్న మాటనే తిరిగి అంటాడా, పిలిచాక జవాబివ్వడానికి ఎంతసేపు పడుతుంది, శబ్దాలకూ స్పర్శకూ మరీ ఎక్కువ స్పందిస్తాడా, ఇలాంటివి. పిల్లవాణ్ణి చూసి, తల్లిదండ్రుల్ని అడిగి, ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. మొత్తం 40 నుంచి 200 మధ్య వస్తుంది. 70 లోపయితే ఆటిజం లేనట్టు. 70 నుంచి 106 దాకా తక్కువ, 153 దాకా మధ్యస్థం, ఆపైన తీవ్రం. 70 వస్తే 40 శాతం వైకల్యం. అక్కడి నుంచి మెట్లు మెట్లుగా 100 దాకా.

శాతం అనే ఊహ మన చట్టాల్లో పాతదే. 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టానికి ఒక పట్టిక ఉంది. ఫ్యాక్టరీలో రెండు చేతులూ పోతే సంపాదన శక్తి 100 శాతం పోయినట్టు, బొటనవేలు పోతే 30 శాతం. పోయిన అవయవానికి ఎంత డబ్బు కట్టాలో తేల్చడానికి ఆ లెక్క పనికొస్తుంది. ఆటిజంలో పోయింది ఏమిటి? వంతు కోసం ఆగలేకపోవడం ఎన్ని వేళ్లతో సమానం?

నేను శాతాన్ని వెటకారం చేయడం లేదు. తెలంగాణలో 2023 నుంచి వికలాంగుల పింఛను నెలకు 4,016 రూపాయలు. కూలి చేసుకునే ఇంట్లో అది చిన్న మొత్తం కాదు. ఎవరికి ఇవ్వాలో ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. నా అభ్యంతరం గీత మీద కాదు, గీసేటప్పుడు పారేసిన కాగితం మీద. ఆ 40 జవాబుల్లో టీచర్‌కి కావాల్సింది చాలా ఉంది. పిలిచాక పలకడానికి సమయం పడుతుందని తెలిస్తే, ప్రశ్న అడిగి ఒక నిమిషం ఆగుతుంది. శబ్దం పడదని తెలిస్తే గంట దగ్గర కూర్చోబెట్టదు. వంతు అర్థం కాదని తెలిస్తే మధ్యాహ్న భోజనం వరుసలో మొదటో చివరో నిలబెడుతుంది. ఈ సర్దుబాట్లకు డబ్బు అక్కర్లేదు. కానీ బడికి చేరేది ఆ 40 జవాబులు కాదు. వైకల్యం పేరు, శాతం మాత్రమే. ‘ఆటిజం, 60 శాతం’ అని చదివి ఏ టీచరైనా సోమవారం పొద్దున్న ఏం చేయాలి?

33 పేజీల నుంచి మనం వచ్చి ఆగింది ఇక్కడ.

బడి వైపు నుంచి

బడి కూడా తన దారిలో తాను మారుతూ వచ్చింది. 1974లో వికలాంగ బాలల సమ్మిళిత విద్యకు కేంద్రం ఒక పథకం పెట్టింది. సర్వశిక్షా అభియాన్ ఏ పిల్లవాణ్ణీ కాదనకూడదంది. 2009 విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ వికలాంగ బాలల్ని వెనుకబడిన వర్గంలో చేర్చింది. అంటే ప్రైవేటు బడుల్లోని 25 శాతం సీట్లకు కూడా వాళ్లు అర్హులు. తెలంగాణలో ఆ 25 శాతం నిబంధన ఏళ్ల తరబడి అమలుకు నోచుకోలేదు కాబట్టి, ఆ అర్హత కాగితం మీదే మిగిలింది. అదే సవరణ తీవ్ర వైకల్యం ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువు ఎంచుకునే వీలు ఇచ్చింది. మంచి ఉద్దేశమే. కానీ ‘ఇంటి దగ్గరే చదువు’ ఎక్కడ ‘ఇంటి దగ్గరే ఉంచండి’గా మారుతుందో కనిపెట్టి ఉండాల్సిన పని తల్లిదండ్రులదే అయింది.

మన రెండు రాష్ట్రాల్లో మండలాల్లో కనిపించేది భవిత కేంద్రం. అక్కడ ఐఈఆర్‌పీలని పిలిచే ప్రత్యేక విద్యా టీచర్లు పనిచేస్తారు. కేంద్రానికి వచ్చే పిల్లలు, మామూలు బడుల్లో ఉన్న పిల్లలు, ఇల్లు కదల్లేని పిల్లలు, అందరూ వాళ్ల బాధ్యతే. చూపు లేనివాళ్లు, వినబడనివాళ్లు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు, ఆటిజం ఉన్నవాళ్లు, ఒక్కొక్కరికీ ఒక్కో నైపుణ్యం కావాలి. మండలం మొత్తానికి ఒకరో ఇద్దరో ఉన్నచోట ఎంత మంచి టీచరైనా ఏం చేయగలదు? పైగా చాలామందివి కాంట్రాక్టు ఉద్యోగాలు.

ఈ ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రజనీశ్ కుమార్ పాండే కేసులో 2021 అక్టోబర్ 28న ఇచ్చిన తీర్పు ప్రాథమిక స్థాయిలో పదిమంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక ప్రత్యేక టీచర్, ఆ పై తరగతుల్లో 15 మందికి ఒకరు ఉండాలన్న నిష్పత్తిని నిలబెట్టింది. రాష్ట్రాలు కదలకపోయేసరికి 2025 మార్చిలో అదే కోర్టు పోస్టులు మంజూరు చేసి భర్తీ చేయమని మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది.

ఇదేదో అరుదైన సమస్య అనుకుంటే పొరపాటు. దేశంలో అయిదు చోట్ల రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల మీద జరిగి, 2018లో వెలువడిన ఒక పెద్ద సర్వేలో ఒక చోటు హైదరాబాదే. ఆ సర్వే ప్రకారం ఆటిజం సుమారుగా వందమందిలో ఒకరికి ఉంటుంది. ఈ లెక్కన ఓ మోస్తరు పెద్ద బడిలో ముగ్గురో నలుగురో ఉంటారు. ‘అల్లరోడు’, ‘మొండిది’, ‘మందమతి’ అన్న పేర్ల కింద.

బీదర్ దగ్గర, సంగారెడ్డి దూరం

జహీరాబాద్‌కి తిరిగొద్దాం. 1956కు ముందు ఈ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. భాషను బట్టి రాష్ట్రాలు విడిపోయినప్పుడు ఒక్క నిర్ణా సర్కిల్ తప్ప మిగతా అంతా మెదక్ జిల్లాకు వచ్చింది. 2016లో జిల్లాలు మళ్లీ విడిపోయి సంగారెడ్డి జిల్లా అయింది. బీదర్ 30 కిలోమీటర్ల దూరం, పాత బంధుత్వాలూ బజారూ అక్కడే. సంగారెడ్డి 50. బోయిన్‌పల్లి నూరు దాటి. వైద్యానికి దగ్గరైనది పక్క రాష్ట్రం, బడికి సాయం రావాల్సింది సొంత రాష్ట్రం, తేల్చి చెప్పగల నిపుణులు ఎక్కువమంది ఉన్నది రాజధాని. పిల్లవాడి ఫైలు మూడు దిక్కులా తిరుగుతుంది.

వ్యవస్థ కాగితం మీద చాలా చక్కగానే ఉంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందం అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి రావాలి. వాళ్లు చూడాల్సిన 30 సమస్యల్లో ఆటిజం ఉంది. అనుమానం వస్తే జిల్లా స్థాయి కేంద్రానికి పంపాలి. సర్టిఫికెట్‌కు డాక్టర్‌తో పాటు క్లినికల్ సైకాలజిస్టు ఉండాలి. అసలు ఇబ్బంది అక్కడే. పట్నాల్లోని ఏరియా ఆసుపత్రుల్లో ఎముకల డాక్టర్ దొరుకుతాడు, కళ్ల డాక్టర్ దొరుకుతాడు, క్లినికల్ సైకాలజిస్టు దొరకడం కష్టం. అందుకే చెయ్యి విరిగినవాడి సర్టిఫికెట్ ఒక పూటలో అయ్యేచోట, ఆటిజానికి మరో తేదీ, మరో ఊరు పడుతుంది. ప్రతి తేదీకీ ఒక కూలి పోతుంది. కిక్కిరిసిన బస్సులో, హారన్ల మధ్య రెండు మూడు గంటలు కూర్చుని వచ్చిన పిల్లవాడు, కొత్త గదిలో కొత్త మనిషి ముందు పది నిమిషాల్లో ఎలా కనబడతాడో ఊహించుకోవచ్చు. ఆ పది నిమిషాలే కాగితంలోకి ఎక్కితే అది వాడి పరీక్షా, ప్రయాణం పరీక్షా?

అందుకే తల్లిదండ్రులు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. సర్టిఫికెట్‌తో ఆగకుండా పూర్తి అసెస్‌మెంట్ రిపోర్టు నకలు అడగాలి. 40 అంశాల్లో ఎక్కడ ఎంత వచ్చిందో ఆ కాగితంలోనే ఉంటుంది. అది బడికి ఇచ్చి, ఏ సర్దుబాట్లు చేస్తారో రాతపూర్వకంగా అడగాలి. చట్టంలోని 16వ సెక్షన్ ఈ సాయాన్ని ప్రతి ప్రభుత్వ, గుర్తింపు పొందిన బడి బాధ్యతగా పెట్టింది. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం గానీ అంతకు మించి గానీ వైకల్యం ఉన్న పిల్లలకు ఆరు నుంచి 18 ఏళ్ల దాకా దగ్గర్లోని బడిలో గానీ, కోరుకున్న ప్రత్యేక బడిలో గానీ ఉచిత విద్య హక్కు. పరీక్షల్లో గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలని 2018 ఆగస్టు నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. పదో తరగతి హాల్ టికెట్ వచ్చాక పరుగెత్తితే కుదరదు, తొమ్మిదిలోనే కాగితాలు కదిలించాలి. ఇంట్లో ఎవరైనా రెండు పేజీలు రాసిపెడితే ఇంకా మంచిది. ఏం తింటాడు, దేనికి భయపడతాడు, దేనికి నవ్వుతాడు. డాక్టర్ చదవకపోయినా క్లాసు టీచర్ చదువుతుంది.

మూడో ప్రశ్న

2016 చట్టంలో 17వ సెక్షన్ ఒకటుంది. పెద్దగా ఎవరూ ప్రస్తావించరు. బడికెళ్లే పిల్లల మీద ప్రతి అయిదేళ్లకూ సర్వే చేయాలని, మొదటిది చట్టం అమల్లోకి వచ్చిన రెండేళ్లలోపు చేయాలని అది చెబుతుంది. ఆ సర్వే తేల్చాల్సినవి మూడు. వైకల్యం ఉన్న పిల్లలు ఎవరు? వాళ్ల ప్రత్యేక అవసరాలేమిటి? అవి ఎంతవరకు తీరుతున్నాయి?

మొదటి ప్రశ్నకు మన దగ్గర యంత్రాంగం ఉంది, కొలమానం ఉంది, శాతాల పట్టిక ఉంది. రెండో ప్రశ్నకు జవాబు ఆ కొలమానంలోనే ఉంది, ఎవరూ బడికి పంపడం లేదు. మూడోది అడిగితే మాత్రం కొలవాల్సింది పిల్లవాణ్ణి కాదు, మనల్ని. బడి ఎన్ని సర్దుబాట్లు చేసింది, టీచర్ పోస్టులు ఎన్ని నిండాయి, తల్లి ఎన్ని బస్సులెక్కింది. 1904లో పారిస్‌లో వేసిన ఆ సంఘం అడిగిందీ దాదాపు ఇదే. అందరూ బడికి రావాలని చట్టం చేశాం కదా, వచ్చినవాళ్లకు మనం ఏం చేస్తున్నాం అని.

పిల్లల శాతాలు రాసే కాగితాలు మన దగ్గర లక్షల్లో ఉన్నాయి. ఒక్కో బడికీ, ఒక్కో మండలానికీ ఎంత శాతమో రాసే కాగితం ఇంకా అచ్చు కావాల్సి ఉంది.